కన్నపేగు, ఎఫ్రాయిము

క్రీ.పూ. 8వ శతాబ్దంలో ఇశ్రాయేలు ఉత్తర రాజ్యంలో ప్రవచించిన హోషేయ పేరిట ఉన్న గ్రంథంలో పదకొండో అధ్యాయం, దేవుణ్ణి రాజుగానో న్యాయాధిపతిగానో కాక, ఎంత పిలిచినా వినక ఇతర దేవతల వెంట పోయిన బిడ్డ కోసం తల్లడిల్లే కన్నవాడిగా చూపుతుంది. ఆ బిడ్డ ఎఫ్రాయిము. ఉత్తరాది గోత్రాల్లో ప్రధానమైన దాని పేరునే ప్రవక్త ఆ రాజ్యమంతటికీ వాడాడు.

ఎఫ్రాయిముకు నడక నేర్పానని దేవుడు చెప్పుకునే చోట వచ్చే హీబ్రూ క్రియ, పాదం అనే అర్థమున్న ‘రెగెల్’ నుంచి పుట్టింది. వరంగల్ మట్టెవాడలో ఏ ఇంటి వాకిట్లోనైనా ఏడాది పసివాడి రెండు చేతులూ పట్టుకుని, నడుం వంచి, తాను వెనక్కి జరుగుతూ వాడిచేత తప్పటడుగులు వేయించే తల్లిని చూసినవారికి ఆ మాటకు వేరే వ్యాఖ్య అక్కరలేదు. ఆ వెంటనే వచ్చే ఒక పదాన్ని, మూల లిపిలో అచ్చులు లేనందున, ‘ఓల్’ అని చదివితే కాడి అనీ, ‘ఊల్’ అని చదివితే పసిబిడ్డ అనీ అర్థం వస్తుంది గనుక, కొందరు పండితులు అక్కడ పశువు మెడ మీది కాడిని సడలించే రైతును చూడగా, మరికొందరు బిడ్డను ఎత్తి చెంపకు ఆనించుకునే కన్నవారిని చూశారు. నడక నేర్పిన చేతులకు ఈ రెండో పాఠమే అమరుతుంది.

ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం ప్రకారం మాట వినని మొండి కొడుకును ఊరి పెద్దల ముందు నిలబెట్టి రాళ్లతో కొట్టి చంపాలి. హోషేయలోని తండ్రి ఆ తీర్పు అంచుదాకా వచ్చి, సొదొమతోపాటు నాశనమైనవిగా చెప్పే అద్మా, సెబోయీము పట్టణాల గతి తన బిడ్డకు పట్టించడానికి మనసొప్పక ఆగిపోతాడు. తాను దేవుణ్ణే గాని మనిషిని కాననడమే అందుకు ఆయన చెప్పే కారణం. అయినా శిక్ష తప్పలేదు, క్రీ.పూ. 722 ప్రాంతంలో రాజధాని సమరియ అష్షూరు వశమైంది.

యిర్మియా 31వ అధ్యాయంలో ఇదే ఎఫ్రాయిము కోసం దేవుని ‘మెయీం’, అంటే పేగులు, కదులుతాయి. జాలికి అక్కడ వాడిన క్రియకు గర్భమనే అర్థమున్న ‘రెహెం’తో చుట్టరికం ఉంది. విదేశాల్లో పుట్టిన తెలుగు పిల్లలు ఇంగ్లీషు అనువాదాల్లో చాలాచోట్ల ఈ ‘మెయీం’ను హృదయమనే చదువుకుంటారు, కాని మట్టెవాడ నుంచి ఫోనులో “తిన్నవా బిడ్డా?” అని అడిగే నానమ్మ గొంతు విన్న పిల్లలకు కన్నపేగు, కడుపుతీపి అనే మాటలు చెబితే హీబ్రూ మూలం ఇట్టే అందుతుంది.

ఎఫ్రాయిము పేరును తమదిగా చెప్పుకునే తెలుగువారూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ సమాజం నుంచి, క్రైస్తవ సంఘాల నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు 1980ల చివరి నుంచి యూదు ఆచారాలు పాటిస్తూ, తమను ‘బెనె ఎఫ్రాయిము’, అంటే ఎఫ్రాయిము సంతతి, అని పిలుచుకుంటున్నాయి. చరిత్రకారులు ఆ వంశావళిని ఎలా తూచినా, ఊరి చివర నిలబెట్టబడిన జనం తప్పిపోయిన బిడ్డ పేరునే ఎంచుకోవడం హోషేయ చదివినవారిని కదిలిస్తుంది. ఆ అధ్యాయంలో పిల్లలు పడమటి నుంచి, అంటే హీబ్రూలో సముద్రం వైపు నుంచి, వణుకుతూ పక్షుల్లా తిరిగి వస్తారు. వచ్చినవారిని తండ్రి వారి వారి ఇళ్లలోనే నివసింపజేస్తాడు.