ఫ్రిజ్జు, నాన్న, నేను

ఏమాటకామాటే చెప్పుకోవాలి, తప్పు నాదే.

మా ఫ్రిజ్జు తలుపులోంచి వచ్చే నీళ్ళ ధార సన్నబడి, సన్నబడి చివరికి చుక్కలు మిగిలాయి. ఐసు ముక్కలేమో శనగ గింజలంత! నెల క్రితం సింగపూరు వచ్చిన నాన్నకి ఆ మీట నొక్కడం భలే సరదా. "అన్నిసార్లు నొక్కితే పాడవదా నాన్నా?" అనేశాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాటి నుంచి వంటింటి కుళాయి దగ్గర చెంబుతో పట్టుకుని తాగడం మొదలుపెట్టారు.

శనివారం పని పట్టాను. ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే కదండీ నా ఉద్యోగం! ఫ్రీజరు మైనస్ 18 దగ్గరే ఉంది. వెనక గొట్టం మడత పడలేదు, వాల్వు తెరిచే ఉంది. ఇక మిగిలింది ఫిల్టరు. ఆరునెలలకోసారి మార్చాల్సినది, చూస్తే రెండేళ్ళయింది! అది తీసి, ఫ్రిజ్జుతో వచ్చిన బైపాసు బిరడా బిగించగానే ధార జోరుగా వచ్చింది. అచ్చులు సరిగా నిండకే ముక్కలు అంత చిన్నవయ్యాయన్నమాట.

"కుళాయి నీళ్ళు బానే ఉన్నాయిలేరా" అన్నారు నాన్న. నిజమే, ఇక్కడ నేరుగా తాగొచ్చు. 1962 ఒప్పందంతో జొహోర్ నది నీళ్ళు, 2003 నుంచి వాడిన నీళ్ళని శుద్ధి చేసిన న్యూవాటర్, 2005 నుంచి ఉప్పు తీసిన సముద్రం నీళ్ళు.. ఈ దేశం ప్రతి చుక్కకీ లెక్క చూసుకుంటుంది. నేను ఒక్క ఫిల్టరు తేదీ చూసుకోలేకపోయాను.

"మీవల్ల కాదు నాన్నా, నావల్లే" అన్నాను. నవ్వి గ్లాసు అందుకున్నారు. మీట నొక్కేముందు మాత్రం ఒకసారి నావైపు చూశారు.

ఫిల్టరు మార్చడమే సులువండీ.