అస్తేయసాధన: ఒక రూపశిల్పి కృతిసంపుటం

యోగసాధన అనగానే మన మనస్సులో బ్రాహ్మీముహూర్తం, దర్భాసనం, ఏకాంతప్రదేశం మెదులుతాయి. జీవనోపాధి అనగానే దానితో ఏ సంబంధమూ లేని మరొక లోకం గోచరిస్తుంది. అయితే పతంజలి మహర్షి అష్టాంగాలను నిరూపిస్తూ ప్రథమస్థానాన్ని యమాలకు ఇచ్చారు. ఆసన ప్రాణాయామాలు వాటి తరువాతనే వస్తాయి. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అనే ఈ ఐదింటికీ పరీక్ష జరిగేది లోకవ్యవహారంలోనే. హైదరాబాదు నగరంలోని ఒక రూపశిల్పికి ఆ పరీక్ష తన కంప్యూటరు తెర మీదనే ఎదురైంది.

ఆమె వయస్సు నలభై ఒక సంవత్సరాలు. ఒక ప్రకటనల సంస్థలో పదహారేళ్లు పనిచేసింది. పుస్తకాల ముఖచిత్రాలు, పచ్చళ్ల సీసాల లేబుళ్లు, ఆలయోత్సవాల ఆహ్వానపత్రికలు, వస్త్రదుకాణాల లోగోలు ఆమె చేతిమీదుగా వెలువడ్డాయి. సంస్థ తెలుగు విభాగాన్ని మూసివేయడంతో ఉద్యోగం పోయింది. మిగిలినవి ఐదు నెలల ఇంటి అద్దెకు సరిపడే సొమ్ము, ఇంటర్మీడియట్ చదువుతున్న కుమార్తె. ఈ వృత్తిలో పట్టా కన్నా పోర్ట్‌ఫోలియోకే విలువ అధికం. రూపశిల్పి తన కృతులను ఎంచి, ఒక్కొక్కదాని వెనుక ఉన్న సమస్యను, ఆలోచనను, చిత్తుప్రతులను, తుదిరూపాన్ని వరుసగా అంతర్జాలంలో నిలిపే కృతిసంపుటం అది. ఉద్యోగమిచ్చేవారు ముందుగా చూసేది దానినే. పదహారేళ్లపాటు ఇతరుల వస్తువులను లోకానికి చూపిన ఆమెకు తనను తాను చూపుకోవలసిన అవసరం అప్పుడే తొలిసారి కలిగింది.

నడుమునొప్పికి ఉపశమనంగా ఆరేళ్ల క్రితం ఆమె యోగాభ్యాసం ప్రారంభించింది. నిత్యమూ 12 సూర్యనమస్కారాలు, కొన్ని ఆసనాలు, చివర శీర్షాసనం. ఆ శీర్షాసనంలో కుమార్తె తీసిన ఛాయాచిత్రమంటే ఆమెకు మక్కువ. సంపుటంలోని స్వపరిచయ పుటకు దానినే ఎంచుకున్నది. ఉద్యోగం పోయిన తరువాత సాయంకాలాలు ఖాళీ కావడంతో, సమీపంలో నివసించే ఒక విశ్రాంత సంస్కృతాధ్యాపకుని వద్దకు యోగసూత్రపాఠానికి వెళ్లసాగింది. ఆయన తన ఇంటి వరండాలో ఐదారుగురికి వ్యాసభాష్య సహితంగా ఆ శాస్త్రాన్ని చెబుతుంటారు.

మొదటి దినమే ఆయన ఒక లెక్క చెప్పారు. పాఠభేదాన్ని బట్టి యోగసూత్రాలు 195 లేక 196. వాటిలో ఆసనాన్ని గురించి నేరుగా చెప్పినవి మూడు మాత్రమే. స్థిరత్వమూ సుఖమూ దాని లక్షణాలు. ప్రయత్నాన్ని సడలించడమూ, చిత్తాన్ని అనంతంలో లగ్నం చేయడమూ దానికి ఉపాయాలు. ద్వంద్వాల తాకిడికి లోనుకాకపోవడం దాని ఫలం. "ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోగలవా అమ్మా?" అని ఆయన అడిగారు. ఐదు నిమిషాలపాటు తలక్రిందులుగా నిలువగలిగిన ఆమె, సుఖాసనంలో ఏడు నిమిషాలకే చలించిపోయింది. ఆనాటి నుండి ఉదయం ఆసనాల సంఖ్య తగ్గింది, కూర్చునే కాలం పెరిగింది. దీర్ఘకాలం, నిరంతరంగా, ఆదరంతో చేసినదే దృఢమైన అభ్యాసమని మహర్షి చెప్పిన మాట ఆమెకు వినడానికి సులభంగానే తోచింది. ఆచరణలో ప్రతి ఉదయమూ అది కొత్త కష్టమే.

పగటివేళ కృతిసంపుట నిర్మాణం సాగేది. పాత హార్డ్‌డిస్కులలో మూడు వందలకు పైగా పనులున్నాయి. చూసేవారి ఓపికకు పది పన్నెండు చాలు. అపరిగ్రహాన్ని వివరిస్తూ భాష్యకారుడు విషయాలను ఆర్జించడంలో, రక్షించడంలో, అవి క్షయమైనప్పుడు, వాటియందలి సంగంలో, వాటివల్ల కలిగే హింసలో దోషాన్ని చూడమన్నారు. తన పాత పనులను ఒక్కొక్కటిగా తొలగిస్తున్నప్పుడు ఆమెకు 'సంగం' అనే పదానికి అర్థం తెలిసివచ్చింది. కొన్నింటిని ఆమె పట్టుకొని ఉన్నది వాటి గుణాన్ని బట్టి కాదు, వాటిని చేయించుకున్నవారి ఖ్యాతిని బట్టి. వాటిని వదిలింది. చివరకు పన్నెండు మిగిలాయి. మకుటాయమానంగా నిలిచింది ఒక క్షేత్రమాహాత్మ్య గ్రంథపు ముఖచిత్రం. వృత్తివర్గంలో నేటికీ ఆమెను దానితోనే గుర్తుపడతారు. దాని క్రింద 'రూపకల్పన, అక్షరరచన' అని వ్రాసి తన పేరు చేర్చింది.

సంపుటం సిద్ధమై ఫోనులో తెరిచి చూస్తే ఒక లోపం కనిపించింది. శీర్షికలలో ఒత్తులన్నీ సగానికి తెగిపోయి ఉన్నాయి. ఆంగ్లలిపిని దృష్టిలో ఉంచుకొని ఏర్పరచిన పంక్తుల ఎడం తెలుగుకు చాలదు. మన లిపిలో తలకట్టూ గుడీ పైకి లేస్తాయి, ఒత్తులు క్రిందికి దిగుతాయి. ఆమె పంక్తుల మధ్య ఎడాన్ని పెంచింది. ముఖచిత్రం కూడా ఫోనుతెరకు సరిపోయే కొలతలో మళ్లీ కావలసివచ్చి, దాని మూలఫైలును ఎనిమిదేళ్ల తరువాత తెరిచింది. పొరలను ఒక్కొక్కటిగా తొలగిస్తూపోగా అన్నింటికీ అడుగున ఒక పెన్సిలు చిత్తుప్రతి బయటపడింది. 'క్షేత్ర' అన్న మాటలోని ష ఒత్తు మండపంలో వ్రేలాడే ఘంటవలె మలచబడి ఉన్నది. ఆ గ్రంథానికి ప్రాణం పోసిన అక్షరం అదే. కాగితం మూలన ఉన్న తేదీ, చేతివ్రాత ఆమెవి కావు. అప్పట్లో ఆమె క్రింద శిక్షణలో ఉన్న ఒక యువకునివి.

ఆమె మరచిపోయిందా? పూర్తిగా మరచిందనడం అసత్యం, గుర్తున్నదనడమూ అసత్యమే. విభాగాధిపతి పేరు మాత్రమే ముద్రించడం ఆ సంస్థ ఆచారం. ఏళ్లతరబడి ప్రశంసలను స్వీకరిస్తూ స్వీకరిస్తూ ఆ అక్షరం తనదేనన్న భావం ఆమెలో స్థిరపడిపోయింది. ద్రష్టను, చూసే శక్తిని ఒకటిగా భ్రమింపజేసే అస్మితను మహర్షి క్లేశాలలో లెక్కించారు. ఇక్కడ దాని స్థూలరూపం కనిపిస్తుంది: చేసినవానికీ చేయించినవారికీ మధ్య భేదం చెరిగిపోయింది.

ఆ సమయంలోనే బెంగుళూరులోని ఒక సంస్థ నుండి వర్తమానం వచ్చింది. తెలుగు అక్షరరచనకు నాయకత్వం వహించగల వ్యక్తి వారికి కావాలి. ఆ ముఖచిత్రం చూసియే ఆమెను సంప్రదించారు. వేతనం పూర్వపు దానికంటె ఎక్కువ. మరునాటి ఉదయం ఆమె ఆసనం మీద కూర్చున్నది. దేహం నిశ్చలంగానే ఉన్నది, మనస్సు మాత్రం ఒక్క వాక్యాన్ని వంద విధాల సవరిస్తున్నది. 'మా బృందం చేసినది' అని వ్రాస్తే చాలదా? ఆ మాటలో అబద్ధమేమీ లేదు కదా?

ఆ వారం పాఠం సత్యం గురించి. వ్యాసభాష్యం వాక్కుకు మూడు దోషాలు ఉండరాదంటుంది. అది వంచించేది కారాదు, భ్రాంతితో కూడినది కారాదు, వినేవానికి అర్థబోధ కలిగించని వ్యర్థవాక్కు కారాదు. పాఠానంతరం ఆమె తన విషయమంతా చెప్పి, 'మా బృందం' అన్న మాట సరిపోతుందా అని అడిగింది. ఆయన తీర్పు చెప్పలేదు. "ఆ మాట విన్నవారికి అక్షరం ఎవరు వ్రాశారో తెలుస్తుందా అమ్మా? తెలియకపోతే, తెలియకూడదని నీవు కోరుకున్నావా? ఈ రెండు ప్రశ్నలూ నీవే వేసుకో" అన్నారు. మొదటి ప్రశ్న మూడవ దోషాన్ని, రెండవది మొదటి దోషాన్ని తాకుతున్నవని ఇంటికి నడుస్తూ గ్రహించింది. పరద్రవ్యాన్ని విధి తప్పి స్వీకరించడం స్తేయమని, దాని నిషేధం స్పృహారాహిత్యం వరకు వెళ్లాలని భాష్యం. తీసుకోకపోవడంతో అస్తేయం పూర్తికాదు, తీసుకోవాలన్న కోరిక సైతం తొలగాలి. ఆమెకు ఆ కోరిక తొలగలేదు. అయినా ఫోను చేసింది.

అతడు తెనాలిలో ఫ్లెక్సీలు ముద్రించే దుకాణం నడుపుతున్నాడు. పలకరింపులయ్యాక ఆమె చిత్తుప్రతి విషయం ఎత్తింది. కొంతసేపు నిశ్శబ్దం. "ఆ ఫైలు ఇంకా ఉందా మేడమ్? మా నాన్నగారికి చూపించాలని ఎంతో అనుకున్నాను. పుస్తకంలో నా పేరు లేదు కదా, చూపించినా నమ్మరని ఊరుకున్నాను. ఆయన పోయి రెండేళ్లయింది" అన్నాడు. ఆ స్వరంలో నింద లేదు. నింద ఉంటే ఆమెకు సమాధానం చెప్పుకోవడం తేలికయ్యేది.

ఆ రాత్రి ఆ కృతి క్రింద వాక్యాన్ని మార్చింది. అక్షరరచన అతనిదని పేరుతో సహా వ్రాసింది. వర్ణాల ఎంపిక, పుటవిన్యాసం, శీర్షిక పుటలో మూడింట రెండు వంతులు ఆక్రమించేందుకు ప్రకాశకుని ఒప్పించడం తనవని వ్రాసింది. పెన్సిలు చిత్తుప్రతిని కూడా, అతని అనుమతితో, ప్రక్కన నిలిపింది. తరువాత మిగిలిన పదకొండు కృతులను అదే దృష్టితో చూసింది. నాలుగింటిలో ఇటువంటి మార్పే అవసరమైంది. అపరిగ్రహం స్థిరపడినవానికి తన జన్మ ఎట్లా కలిగిందో తెలుస్తుందని మహర్షి అన్నారు. అంత ఉన్నతమైన సిద్ధిని ఇక్కడ ఆపాదించనవసరం లేదు. కాని తన కృతులు ఎవరెవరి చేతులలో జన్మించాయో ఆమెకు ఆ రాత్రి స్పష్టంగా తెలిసింది. స్వపరిచయ పుటలోని శీర్షాసన చిత్రాన్ని కూడా తొలగించింది.

బెంగుళూరు సంస్థవారు సంభాషణలో మర్యాదగానే మాట్లాడారు. అక్షరరచన పనిని తెనాలి యువకునికి ఒప్పందం మీద అప్పగించారు. ఆమెను మళ్లీ పిలువలేదు. అస్తేయం ప్రతిష్ఠితమైనవానికి సర్వరత్నాలూ సమకూరుతాయని శాస్త్రం చెబుతుంది. ఆమెకు మూడు నెలల తరువాత సమకూరినది పాఠ్యపుస్తకాల పుటవిన్యాసం చేసే ఒక చిన్న పని, పూర్వపు వేతనంలో మూడింట రెండు వంతులకు. ఆ మధ్యకాలంలో అద్దె కోసం రెండు బంగారు గాజులు కుదువపెట్టవలసివచ్చింది. బాధపడలేదని ఆమె ఎన్నడూ చెప్పలేదు. రత్నాల సంగతి అడిగితే గురువుగారు నవ్వి, "ప్రతిష్ఠ అంటే స్థిరంగా నిలవడం. నీవు ఇప్పుడే కదా కూర్చోవడం మొదలుపెట్టావు" అన్నారు.

ఒత్తుకు పంక్తిలో ప్రత్యేకస్థానం లేదు. మరొక అక్షరం క్రింద ఒదిగి ఉంటుంది. అది తెగిపోతే పదమే మారిపోతుంది. ఆ సత్యాన్ని వృత్తిరీత్యా పదహారేళ్లుగా ఎరిగిన ఆమెకు, మనుషుల విషయంలో ఎరగడానికి ఒక భాష్యవాక్యమూ, ఒక ఫోను సంభాషణా అవసరమయ్యాయి.

సాధకులైనవారు తమ తమ జీవితాలలో ఈ విషయాన్ని విచారించుకోవలసి ఉన్నది. అందరికీ అంతర్జాలంలో కృతిసంపుటం ఉండకపోవచ్చు. కాని 'ఇది నేను చేశాను' అని చెప్పుకునే పట్టిక ప్రతివారి అంతరంగంలోనూ ఉంటుంది. నిర్మించిన ఇల్లు, పెంచిన బిడ్డలు, నిర్వహించిన ఉత్సవం అన్నీ అందులో చేరుతాయి. ప్రాతఃకాలంలో ఆసనం మీద కూర్చున్నప్పుడు ఆ పట్టికను ఒక్కసారి తెరిచి, ఒక్కొక్క పంక్తి క్రింద ఎవరి పేరు మరుగున పడిందో చూడాలి. ఆ పేరును బయటకు పలకడం కూడా స్వాధ్యాయంలో భాగమే. ఆమె నేటికీ ఉదయం ఇరవై నిమిషాలు కూర్చుంటున్నది. కొన్ని దినాలలో స్థిరత్వం లభిస్తుంది, కొన్ని దినాలలో సుఖం లభిస్తుంది. రెండూ కలిసి లభించిన దినాలు చాలా తక్కువ.

స్వస్తి.