కిటికీలు మార్చే ముందు

ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూస్తాం, ముహూర్తం చూస్తాం, సిమెంటు ధర చూస్తాం. ఆ ఇంట్లో బతికినన్నాళ్ళూ పీల్చబోయే గాలి ఎటునుంచి వస్తుందో చూసేవాళ్ళు తక్కువ. పాత కిటికీలు తీసి కొత్తవి పెట్టించేటప్పుడు ఆ ధ్యాసే ఉండదు. రంగు నచ్చిందా, అద్దం మెరుస్తోందా, చదరపు అడుగు ఎంత - అంతటితో సరి. ఆరోగ్యం శీర్షికలో కిటికీల బేరం ఏమిటని నవ్వుకోకండి. దగ్గుకూ, ఆయాసానికీ, క్షయకూ, దోమకాటుకూ కూడా కిటికీతో చుట్టరికం ఉంది.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో వెనకటి ఇళ్ళు ఇంకా మిగిలినచోట ఒకసారి గమనించండి. ఎత్తయిన కప్పు, ఎదురెదురుగా టేకు కిటికీలు, నిలువు ఇనుప ఊచలు, పైన వెంటిలేటర్లు. రెక్కలు రెండూ తీస్తే చట్రమంతా గాలికే. సాయంత్రం సముద్రం మీదనుంచి వచ్చే చల్లగాలి ఒక పక్క దూరి రెండో పక్కనుంచి పోయేది. ఇప్పుడు ఆ చెక్కకు చెద పట్టింది, ఉప్పుగాలికి ఊచలు తుప్పు పట్టాయి. మార్చక తప్పదు, నిజమే. వాటి చోట ఏది పెడుతున్నారన్నదే అసలు సంగతి.

ఇప్పుడు చాలామంది పెట్టిస్తున్నవి యూపీవీసీ, అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు. చెద ముట్టదు, ఇనుములా తుప్పు పట్టవు. సరుకు మంచిదే. కాని ఒక చిన్న లెక్క చూడండి. రెండు అద్దాలు ఒకదాని వెనక ఒకటి జరిగే కిటికీ ఎంత తోసినా తెరుచుకునేది సగమే. 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు అయితే 16 చదరపు అడుగులకు డబ్బిస్తారు, గాలి వచ్చేది 8 అడుగుల్లోంచి. దోమల జాలీ అడ్డం పెడితే అదీ తగ్గుతుంది.

మన జాతీయ భవన నిర్మాణ నియమావళి, ఉక్క ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు కిటికీలూ వెంటిలేటర్లూ ఉండాలంటుంది. తలుపులు ఆ లెక్కలోకి రావు. 10 అడుగులు, 12 అడుగుల గదికి అది 20 చదరపు అడుగులు. అన్ని అడుగుల కిటికీ ఉన్నా, సగమే తెరుచుకుంటే ఉన్న ప్రయోజనం సగమే కదా!

రేపల్లెలో నేను చూసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఇంటి పెద్దాయనకు క్షయ బయటపడింది. కోడలు బాలింత. అంతకు ఏడాది ముందే ఇల్లు బాగు చేయించారు. గదికొక స్లైడింగ్ కిటికీ పెట్టించి, ఎదురు కిటికీని బీరువా కోసం ఇటుకలతో కట్టేశారు. ఏసీ చల్లదనం పోతుందని వెంటిలేటర్లు మూసేశారు. "డాక్టరు గారూ, నాన్నగారిని వేరే గదిలో ఉంచాం కదండీ, ఇంకేం భయం?" అన్నాడు కొడుకు. "గది వేరు చేశారు నాయనా, గాలి వేరు చేయలేదు" అన్నాను.

మందులు ఇంకా పట్టని క్షయరోగి దగ్గితే వచ్చే సూక్ష్మమైన తుంపరలు, మూసిన గదిలో గంటల తరబడి గాలిలోనే తేలుతుంటాయి. గాలి ఆడే గదిలో అవి పలచబడి బయటికి పోతాయి. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు. ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. ఆ ఇంట్లో బీరువా జరిపించి కిటికీ మళ్ళీ తెరిపించాం. ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించి, పసిబిడ్డకు నివారణ మందు మొదలుపెట్టించాం. క్షయకు పరీక్షలూ మందులూ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, గాలి మాత్రం మీ ఇంట్లో మీరే ఏర్పాటు చేసుకోవాలి.

ఇది నా ఒక్కడి మాట కాదు. పెరూ దేశంలోని లీమా నగరంలో ఆసుపత్రి గదుల్లో గాలి మార్పిడిని కొలిచి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. కిటికీలు తెరిచి ఉంచితే, ఎత్తయిన కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న పాత వార్డులే కొత్తవాటికన్నా మెరుగని తేలింది.

కాబట్టి దుకాణంవాడితో ముందు మాట్లాడవలసింది రంగు గురించి కాదు. పూర్తిగా తెరుచుకునే రెక్కల కిటికీలు అడగండి. యూపీవీసీలోనూ అవి దొరుకుతాయి. స్లైడింగే కావాలంటే కిటికీ కొలత పెంచండి. గదికి రెండు పక్కలా కిటికీ ఉండేట్టు చూసుకోండి, వెంటిలేటరు మూయకండి. కాలవల ఊరు తెనాలిలో జాలీ లేకుండా కుదరదు, పెట్టించండి. అయితే ఊడదీసి కడుక్కునే రకం తీసుకోండి. దుమ్ము పట్టిన జాలీ గోడతో సమానం. జాలీ పెట్టించుకోక, కిటికీలు మూసి దోమలచుట్ట వెలిగిస్తే ఆయాసం ఉన్నవాళ్ళకు ఆ పొగ మరీ చెరుపు.

స్నానాలగదిలో గ్యాస్ గీజరు ఉంటే ఇంకా జాగ్రత్త. అక్కడి వెంటిలేటరుకు అద్దం బిగించేస్తే కార్బన్ మోనాక్సైడు లోపలే నిలిచిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషి తెలియకుండానే పడిపోతాడు. గీజరును గది బయట పెట్టించడం మేలు.

బాపట్ల తీరంవాళ్ళకు తుఫాను సంగతి నేను చెప్పాలా? 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పెద్దవాళ్ళకు గుర్తే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. పెద్ద అద్దాలు పెట్టేవాళ్ళు టఫెన్డ్ గ్లాసే అడగండి. మామూలు అద్దం కత్తుల్లా పగులుతుంది, ఇది చిన్న చిన్న ముక్కలవుతుంది. గ్రిల్లు సందులోంచి పసివాడి తల దూరకూడదు, సందు 4 అంగుళాలు మించనివ్వకండి. నిప్పు అంటుకుంటే బయటపడడానికి ఒక్క కిటికీకైనా లోపలినుంచి తెరుచుకునే గ్రిల్లు ఉండాలి.

చివరగా పాత కిటికీల సంగతి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరునుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూతలు పూతలుగా వేసిన రంగులో సీసం ఉండవచ్చు. అది పసిపిల్లల మెదడుకు హాని. వడ్రంగి ఆ రంగును పొడిగా గీకకుండా తడిపి తీయమనండి. ఆ రోజు పిల్లల్నీ గర్భిణుల్నీ దూరంగా ఉంచండి. దుమ్ము చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. ముఖ్యంగా, ఆ రంగు చెక్కల్ని నీళ్ళపొయ్యిలో పెట్టకండి, ఆ పొగలో సీసం ఉంటుంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు టేపు తీసుకుని గది నేల ఒకసారి కొలవండి. కిటికీ ఎంత తెరుచుకుంటుందో దుకాణంలోనే తీసి చూపించమని అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.