నా గొంతు, కాలేజీ కంప్యూటరు



పోయిన వారం ఆపిన హాస్టల్ కథ ఈ వారం రావాలి. రావట్లేదు. ఒక కంప్యూటర్లోంచి ఇంకో కంప్యూటర్లోకి నా గొంతు మోసుకోవడంతోనే వారమంతా సరిపోయింది. ఆ సంగతే రాస్తాను. థీసిస్‌లు రాస్తున్నవాళ్లకి పనికొస్తుంది కూడా.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట. కొన్నేళ్లుగా నా వేళ్లు కీళ్లవాతంతో బిగుసుకుపోతున్నాయి. పేజీ టైపు చేస్తే రాత్రికి అన్నం కలుపుకోలేను. అందుకని నోటితో చెబుతాను, యంత్రం రాస్తుంది. తెలుగైతే ఫోన్లో చెబుతాను. 2017లో గూగుల్ వాయిస్ టైపింగులోకి తెలుగు వచ్చింది, నా పోస్టుల్లో సగం అలా పుట్టినవే. ఇంగ్లీషు వ్యాసాలు, అనువాదాలు, కాలేజీ రిపోర్టులు మాత్రం డిక్టేషన్ సాఫ్ట్‌వేర్‌కి చెబుతాను. దాన్ని నా జీతంలోంచే కొన్నాను. వేసుకున్నది మాత్రం డిపార్ట్‌మెంటు కంప్యూటర్లో. అక్కడే తప్పు చేశాను.

సోమవారం ఆఫీసు నుంచి కబురు. పాత సిస్టమ్స్ బుధవారం తీసుకెళ్లిపోతారు, ఏమన్నా ఉంటే కాపీ చేసుకోండి, అని.

మా పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. వాడిది కంప్యూటర్ల ఉద్యోగం. "కొత్త ల్యాప్‌టాప్‌లో కొత్త ప్రొఫైల్ చేసుకో అక్కా. ఇప్పుడు వీటికి ట్రైనింగే అక్కర్లేదు, వేసిన రోజు నుంచే రాస్తాయి" అన్నాడు.

రాస్తాయి. ఎవరి మాటలు?

నేను మొదటిరోజు చెప్పిన మొదటి వాక్యంలో "దళిత్ లిటరేచర్" అన్నాను. తెరమీద "డిలీట్ లిటరేచర్" అని వచ్చింది. నవ్వాను, నవ్వక ఏం చేస్తాం. జాషువా అంటే జోషువా అని రాసింది, దాంట్లో దాని తప్పేం లేదనుకోండి. మాల అంటే ఎవరో యూరప్ సంగీతకారుడి పేరు రాసింది, మాహ్లర్ అని. మాదిగ అంటే ఒక్కోసారి ఒక్కోటి. దానికిచ్చిన నిఘంటువులో మనం లేము. లేని మాట విన్నప్పుడు, ఉన్నవాటిలో దగ్గరగా వినిపించేదాన్ని తెచ్చి పెడుతుంది. అంతే దాని పద్ధతి. మనకి కొత్త కాదు ఆ పద్ధతి.

ఒక్కొక్క మాటా దిద్దుకుంటూ వచ్చాను. ఈ సాఫ్ట్‌వేర్లలో మాటకి రెండు రూపాలివ్వొచ్చు, రాసే రూపం, పలికే రూపం. చుండూరుని ఇంగ్లీషులో టీ, ఎస్‌లతో మొదలుపెట్టి రాస్తారు కదా, మనం అచ్చులో వదిలేసిన దంత్య చకారం పాపం ఆ ఇంగ్లీషు స్పెల్లింగులోనే మిగిలింది. రాసేది అలా, పలికేది ఇలా అని నేర్పాను. కారంచేడు నేర్పాను. దండోరా, డప్పు, చిందు, ఎల్లమ్మ. మా వాడ పేరు. మా అమ్మ పేరు.

ఇదంతా ఉండేది యూజర్ ప్రొఫైల్లో. ఆ మాటల జాబితా ఒక్కటే కాదు, ఏ మాట పక్కన ఏ మాట ఎక్కువగా వాడతానో ఆ లెక్క, నా ఉచ్చారణ నుంచి నేర్చుకున్నది, మైకు సెట్టింగు, అన్నీ కలిపి ఒక మూట. మావాడు మొదట జాబితాని మాత్రం టెక్స్ట్ ఫైలుగా తీసిచ్చాడు. మాటలు వచ్చాయిగానీ మిగతాది రాలేదు. ఫోల్డర్ని చేత్తో కాపీ చేస్తే కొత్త ప్రోగ్రాం దాన్ని గుర్తుపట్టలేదు. చివరికి ప్రోగ్రాంలోనే ప్రొఫైల్ ఎక్స్‌పోర్ట్ అని ఉంటే దాంతో హార్డ్‌డిస్కులోకి తీసి, ల్యాప్‌టాప్‌లో ఇంపోర్ట్ చేశాం. మీరు చేస్తే గుర్తుపెట్టుకోండి: పాత వెర్షన్ నుంచి కొత్తదానికి వెళ్లొచ్చుగానీ వెనక్కి రావడం కష్టం. మైకు మారితే మళ్లీ సరిచూడాలి. కొత్తచోట పనిచేస్తుందని తేలేదాకా పాతది చెరపకూడదు.

మంగళవారం సాయంత్రానికి అదైపోయింది. హమ్మయ్య అనుకుని టీ పెడుతుంటే మావాడు అడిగాడు. "అక్కా, ఈ మూట ఇంత పెద్దదేంటి? దీంట్లో ఆడియో ఉంది."

నేను చెప్పిన మాటల రికార్డింగులు. ఉచ్చారణని ఇంకా బాగా నేర్చుకోడానికి కొంత ఆడియోని అది దాచుకుంటుందట. నాకు తెలీదు.

చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. మూడు నెలల కింద ఒక డిగ్రీ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. క్లాసులో కులం పేరుతో అన్న మాటల మీద ఫిర్యాదు. ఆ అమ్మాయి తెలుగులో చెబుతుంటే నేను ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లీషులో చెప్పాను. పేరు ప్రతిసారీ తప్పు రాస్తుంటే విసుగొచ్చి మాటల జాబితాలో చేర్చాను కూడా. ఎక్కడా పేరు బయటికి రానివ్వనని ఆ పిల్లకి మాటిచ్చింది నేనే. ఇప్పుడా పేరు ఎవరు తెరిచినా కనబడే జాబితాలో, మా అమ్మ పేరుకి రెండు వరసల కింద.

ఎవరో కావాలని చేసింది కాదు. ఎవరి మీదా నింద వెయ్యట్లేదు. బుధవారం ఆ పెట్టె ఎవరి టేబుల్ మీదికి వెళ్తుందో నాకు తెలీదు, అంతే.

బుధవారం ఎనిమిదింటికే కాలేజీకి వెళ్లాం. వాచ్‌మన్ బాబాయి తాళం తీస్తూ "ఇంత పొద్దున్నే ఏందమ్మా" అన్నాడు. ప్రొఫైల్ని చెరిపాం. చెరిపాక కూడా, ప్రోగ్రాం దానంతటది తీసుకున్న బ్యాకప్‌లు వేరే ఫోల్డర్లో కనబడ్డాయి. అవీ చెరిపి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, చెరిపిన ఫైళ్లని మళ్లీ లేపకుండా మావాడు విండోస్ సైఫర్ కమాండుతో డిస్కులో ఖాళీ జాగా అంతా తిరగరాయించాడు. పాతకాలం హార్డ్‌డిస్కు, నత్తలాగా నడిచింది. పదిన్నరకి మనుషులు వచ్చి తీసుకెళ్లారు. ఒకాయన సంతకం పెట్టించుకుంటూ "ఫైల్స్ అన్నీ తీసేసుకున్నారా మేడం" అని అడిగాడు. ఆ అన్నాను.

ల్యాప్‌టాప్‌లోకి వచ్చిన జాబితాలోంచి ఆ అమ్మాయి పేరు కూడా తీసేశాను. ఇది నా సొంతదే, ఉంచొచ్చు. అయినా తీసేశాను.

నిన్న ఆ విషయంలోనే రెండో ఉత్తరం చెప్పాల్సొచ్చింది. దళిత్ అన్నాను, దళిత్ అనే రాసింది. అమ్మాయి పేరు దగ్గర మాత్రం మళ్లీ ఏదో ఇంగ్లీషు మాట పెట్టింది. ఒక్కో అక్షరం చెప్పి దిద్దాను. ఈ మాట నేర్చుకోమంటారా అని అడిగింది. వద్దని నొక్కాను.

హాస్టల్ కథ వచ్చే ఆదివారం.