బూజు పట్టిన రొట్టె, పాత బ్యాడ్జీ

ఈ వారం మీతో ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడాలని ఉంది. యుద్ధకాలపు బ్యాడ్జీ. సర్కారు ఇచ్చిన పతకం కాదు, సైనికులు తమంతట తాము చేయించుకుని పెట్టుకున్న గుర్తు. అది అసలుదా నకిలీదా అని తేల్చడం ఎంత కష్టమో చూస్తే, సాక్ష్యం చెప్పేటప్పుడు మన నోరు ఎంత జాగ్రత్తగా ఉండాలో అర్థమవుతుంది.

ముందు ఈ బ్యాడ్జీలు ఎలా పుట్టాయో వినండి. 1922లో అమెరికాలో హారిస్ అనే పైలట్ చెడిపోయిన విమానంలోనుంచి పారాచూట్‌తో దూకి బ్రతికాడు. ఆ రోజుల్లోనే క్యాటర్‌పిల్లర్ క్లబ్ మొదలైంది. పారాచూట్ వల్ల ప్రాణం దక్కినవాళ్లకు పారాచూట్లు తయారుచేసే ఇర్విన్ కంపెనీ చిన్న బంగారు గొంగళిపురుగు పిన్ను ఇచ్చేది. అప్పటి పారాచూట్లు పట్టువి. హిందూపురం వైపు పట్టుపురుగుల షెడ్లు చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకు పెట్టారో నేను చెప్పనక్కరలేదు. 1942లో ఇంగ్లండులో గోల్డ్‌ఫిష్ క్లబ్ వచ్చింది. విమానం సముద్రంలో పడినా రబ్బరు పడవ వల్లనో లైఫ్ జాకెట్ వల్లనో బయటపడినవాళ్లది అది. యుద్ధకాలపు ఆంక్షల వల్ల జరీతో కుట్టడానికి వీల్లేదు. అందుకని పాత సూట్లు కత్తిరించి, ఆ నల్లగుడ్డ మీద రెక్కల చేపను పట్టుదారంతో కుట్టారు. యూనిఫాం మీద పెట్టుకోవడానికి అనుమతి లేదు, కాబట్టి చాలామంది జేబు మూత కింద దాచి కుట్టుకున్నారు. ఆఫ్రికా ఎడారిలో విమానం కూలి, శత్రువుల భూమిలోనుంచి కాలినడకన తిరిగి వచ్చినవాళ్లకు రెక్కలున్న బూటు గుర్తు ఉండేది.

ఇక చిక్కు ఎక్కడుందో చూడండి. సర్కారు పతకానికి ఒక నమూనా ఉంటుంది, అచ్చు ఉంటుంది, ఎవరికి ఇచ్చారో జాబితా ఉంటుంది. సైనికులు బజారులో చేయించుకున్న గుర్తులకు ఇవేవీ ఉండవు. పదిమంది దర్జీలు కుడితే పది రకాలుగా వస్తాయి. పుస్తకంలో బొమ్మలాగా లేదు కాబట్టి నకిలీ అనడానికి లేదు. అచ్చం బొమ్మలాగే ఉంది కాబట్టి అసలుదని నమ్మడానికీ లేదు, ఎందుకంటే నకిలీ చేసేవాడు ఆ బొమ్మ చూసే చేస్తాడు.

అందుకని తెలిసినవాళ్లు ముందు వస్తువునే పరీక్షిస్తారు. కరెన్సీ నోట్లు చూసే నీలం లైటు కింద పెడితే కొత్తకాలపు దారం చాలాసార్లు తెల్లగా మెరుస్తుంది. ఊడిన పోగు ఒకటి కాలిస్తే నూలైతే కాగితం వాసన, పట్టయితే వెంట్రుకల వాసన వస్తుంది. పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. పాలిస్టరు దారం మార్కెట్లోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తరువాతే. లోహపు బ్యాడ్జీని అచ్చుగా పెట్టి మరొకటి పోత పోస్తే, లోహం చల్లారి కుంచించుకుపోతుంది కాబట్టి నకలు అసలుకంటే వెంట్రుకవాసి చిన్నదవుతుంది, గీతలు మొద్దుబారుతాయి. అయితే ఇందులోనూ తొందరపడకూడదు. నిజంగా పాత గుడ్డనే ఈ మధ్య ఎవరైనా సర్ఫులో ఉతికి ఉంటే అదీ మెరుస్తుంది. కొత్త గుడ్డను టీ నీళ్లలో నానబెడితే నూరేళ్ల గుడ్డలా కనిపిస్తుంది.

టీలో నానబెట్టిన గుడ్డ గురించి చదివినప్పుడు నాకు గిబియోనీయులు గుర్తొచ్చారు. యెహోషువ గ్రంథం 9వ అధ్యాయం తీసి చదవండి. పక్క ఊరివాళ్లు దూరదేశం నుంచి వచ్చామని నమ్మించడానికి మాసికలు వేసిన చెప్పులు తొడుక్కున్నారు, చినిగిన సిద్దెలు, బూజు పట్టిన రొట్టె తెచ్చుకున్నారు. ఇశ్రాయేలు పెద్దలు పరీక్ష చేయకపోలేదు, ఆ రొట్టెను చూశారు. రొట్టె నిజంగానే పాతది. దాని చుట్టూ చెప్పిన కథ అబద్ధం. పెద్దలు వస్తువును చూసి కథను నమ్మారు, దేవుని దగ్గర విచారణ చేయలేదు. వస్తువు పాతదా అన్నది ఒక ప్రశ్న, దాని గురించి చెబుతున్న మాట నిజమా అన్నది ఇంకొక ప్రశ్న. ఈ రెండూ కలిపేస్తే మోసపోతాం.

ఈ సంగతి మన సంఘంలోనే ఒక ఇంట్లో ఎదురైంది. ఆ అవ్వ అనుమతితోనే రాస్తున్నాను. తాత మద్రాసు సాపర్లలో చేరి, యుద్ధంలో అస్సాం వైపు రోడ్డు పనుల్లో ఉన్నాడు. ట్రంకు పెట్టెలో ఒక తోలు బ్యాడ్జీ ఉంది. ఎర్ర తెల్ల చారలు, పైన నీలంలో ఒక సూర్యుడు, ఒక నక్షత్రం. చైనా, బర్మా, ఇండియా రంగంలో పనిచేసిన అమెరికా సైనికుల గుర్తు అది. వాళ్లు మన దేశంలోని దర్జీలచేత, తోలుపనివాళ్లచేత అలాంటివి చాలా చేయించుకున్నారు. మునిమనవరాలి నర్సింగు ఫీజు కోసం అవ్వ దాన్ని అమ్మాలనుకుంది. కొనేవాడు ఫోనులో ఒక షరతు పెట్టాడు. తాత యుద్ధంలో దీన్ని ధరించాడని పాస్టరు సంతకంతో ఉత్తరం ఉంటే ధర రెట్టింపు ఇస్తానన్నాడు.

అవ్వ నా దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, ఒక ముక్క రాసిస్తే పిల్ల చదువు గట్టెక్కుతుంది. తాత సైన్యంలో ఉన్నది నిజమే కదా” అంది. ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. పిల్ల ఫీజు చిన్న విషయం కాదు. బ్యాడ్జీ అసలుదే కావచ్చు, తాత సైనికుడన్నదీ నిజమే. కానీ తాత బ్రతికుండగా నాకు దాన్ని చూపించి, ఒక అమెరికా డ్రైవరు స్నేహంగా ఇచ్చాడని తన నోటితోనే చెప్పాడు. తాను ధరించానని ఎన్నడూ అనలేదు.

మరునాడు అవ్వ ఎదుట కూర్చుని మూడే మాటలు రాశాను. ఈ బ్యాడ్జీని పదిహేనేళ్లకు పైగా ఈ ఇంటి పెట్టెలో చూస్తున్నాను. ఒక అమెరికా డ్రైవరు ఇచ్చాడని తాతే నాతో చెప్పాడు. దీని వయసు నేను చెప్పగలవాణ్ణి కాను. చదివి వినిపిస్తే అవ్వ కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అవును, మీ తాత అట్లే చెప్పేవాడు. అట్లే ఉండనీ” అంది. కొనేవాడు రెట్టింపు ఇవ్వలేదు, మామూలు ధరకు తీసుకున్నాడు. మిగిలిన ఫీజు రెండు కంతుల్లో కట్టడానికి కాలేజీవాళ్లు ఒప్పుకున్నారు.

ప్రియులారా, తొమ్మిదవ ఆజ్ఞ కోర్టు బోనులో నిలబడినవాళ్లకు మాత్రమే అనుకోకండి. తెలిసినవాళ్ల పిల్లకు సంబంధం చూసేటప్పుడు, పొలం హద్దుల గురించి అడిగినప్పుడు, స్వస్థత సాక్ష్యం చెప్పేటప్పుడు మనమూ ఉత్తరాలు రాస్తూనే ఉంటాం. చూసింది చూశానని, విన్నది విన్నానని, తెలియనిది తెలియదని వేరువేరుగా చెప్పండి. సముద్రంలో పడి బ్రతికినవాడు జేబు మూత కింద దాచుకున్న చేపకు గొప్ప కథ అతికించనక్కరలేదు. నిజంగా జరిగినదే దానికి చాలు.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.