ఉమ్మడి గోడ

అమ్మాయి పురిటికని ఇంగ్లండు వెళ్ళి ఆర్నెల్లున్నాను. ఊరు హోవ్. "బ్రైటన్ కదూ?" అన్నామా, "కాదండీ, హోవ్!" అని సరిదిద్దుతారు అక్కడివాళ్ళు. 1997లో రెండూళ్ళనీ ఒకే పాలన కిందకి తెచ్చినా ఆ పట్టింపు మాత్రం పోలేదు.

పట్టింపుల సంగతి నాకు చెప్పాలా? కాకినాడలో మాది ఒకే ఇల్లు, రెండు వీధిగుమ్మాలు. మామగారు పోయాక బావగారూ, మావారూ నడిమింట్లో గోడ పెట్టించుకున్నారు. అటు మా తోడికోడలు అక్కయ్య, ఇటు నేను. వాళ్ళ వాటా ఆకుపచ్చ, మాది గోధుమరంగు. రెండు రంగులూ కలిసేచోట ఉప్పుగాలికి పెచ్చులూడి, పైనుంచి కిందిదాకా ఓ పగులు. అది ఎవరు పూడ్పించాలన్నది మూడేళ్ళుగా తేలలేదు.

సాయంత్రాలు మనవణ్ణి బండిలో వేసుకుని సముద్రపొడ్డుకి వెళ్ళేదాన్ని. "అదేనమ్మా, బ్రన్స్‌విక్ టెర్రస్" అంది అమ్మాయి ఓ రోజు. టెర్రస్ అంటే మన డాబాయే కదా అని నేను పైకి చూశాను! అది కాదుట. గోడా గోడా కలిపి వరసగా కట్టిన ఇళ్ళని అక్కడ అలా అంటారుట.

1820లలో చార్లెస్ బస్బీ అనే ఆయన గీసిన నమూనా. తెల్లని స్తంభాలూ, ఇనప కమ్మీల బాల్కనీలూ, అంతా కలిపి ఒకే రాజమహల్లా ఉంటుంది. ఏ ఇల్లు ఎక్కడ మొదలైందో తెలియాలంటే వీధితలుపులు లెక్కపెట్టుకోవాలి.

పక్కనే బ్రన్స్‌విక్ స్క్వేర్‌లో 13వ నంబరు ఇంటిని పాతకాలంలో ఉన్నట్టు బాగుచేసి చూపిస్తున్నారు. ఓ శనివారం నేనూ వెళ్ళాను. నా కళ్ళు ముందు వంటింటిని వెతికాయి. వీధిమట్టానికి కింద, నేలమాళిగలో ఉంటుందది! భోజనాలు దాని పై అంతస్తులో, అతిథుల్ని కూర్చోబెట్టే పెద్దహాలు ఆ పైన. పనిపిల్లలు పడుకునేది అన్నిటికన్నా పైన, చూరు కింద. పైకి పోయేకొద్దీ కిటికీలు కూడా చిన్నవైపోతాయి, ఉండేవాళ్ళ హోదాని బట్టి. కిందనుంచి వేణ్ణీళ్ళూ, బొగ్గులూ మోసిన ఆ పిల్లల మోకాళ్ళు తలుచుకుంటే నా మోకాళ్ళు పీకాయి.

అసలు వింత గోడల్లో ఉంది. ఆ కాలంలో ఆ తీరాన కట్టిన చాలా ఇళ్ళ గోడల్లో ఉన్నది బంగరూష్ అనే సరుకుట. పేరు వినగానే బంగారం కాబోలనుకున్నాను. తీరా చూస్తే విరిగిన ఇటుకలూ, చెకుముకిరాళ్ళూ, గులకరాళ్ళూ, చేతికందిన చెత్తా చెదారం సున్నంలో కలిపి చెక్కల మధ్య పోసింది! గొట్టంతో గట్టిగా నీళ్ళు కొడితే ఊరు సగం కూలిపోతుందని అక్కడివాళ్ళే వేళాకోళం చేస్తారు. పైన నున్నగా గచ్చుపూత పూసి, రాయిలా కనపడేట్టు గీతలు గీశారు. పూతలో ఎక్కడ పగులిచ్చినా నీళ్ళు లోపలికి దిగుతాయి. ఉమ్మడి గోడ కదా, ఆ చెమ్మ ఒక్క ఇంటితో ఆగదు. అందుకని ఐదేళ్ళకోసారి అందరూ ఒకే మీగడరంగు వేయించుకోవాలని చట్టమే ఉంది. ఒకాయన గులాబీరంగు వేస్తానంటే కుదరదు.

ఇంతా చేసి, 1945 ప్రాంతంలో మునిసిపాలిటీవారే ఆ వరసంతా పడగొట్టి కొత్త ఫ్లాట్లు కట్టాలని ఆలోచన చేశారు. ఊళ్ళోవాళ్ళు రీజెన్సీ సొసైటీ అని సంఘం పెట్టుకుని అడ్డుపడబట్టి నిలిచాయిగానీ, లేకపోతే నేను చూసేదేముంది?

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మా వీధిలో బిల్డరు ఒకాయన మావారి దగ్గరికి రెండుసార్లు వచ్చివెళ్ళాడు. అక్కయ్యవాళ్ళింటికీ వెళ్ళే ఉంటాడు. మేమెవరం ఒకరితో ఒకరం ఆ మాట ఎత్తలేదు.

ఇండియాలో తెల్లవారే వేళ చూసుకుని ఫోన్ చేశాను. పిల్లాడి సంగతులయ్యాక, "అక్కయ్యా, మన పగులు..." అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"నువ్వు రా ముందు. తాపీమేస్త్రీని పిలిపిద్దాం. సగం డబ్బు నేనిస్తాను" అంది. వెంటనే, "ఆకుపచ్చ మాత్రం మార్చను సుమా!" అంది.