వెల – విలువ

నేడు కరపత్రమంటే వీధి మలుపులో చేతికి అందించే కాగితం. సంస్కృత నిఘంటువైన అమరకోశంలో మాత్రం కరపత్రమంటే రంపం. అదే నిఘంటువు ఉలిని వృక్షాదనమన్నది. అనగా చెట్టును తినేది. పదునున్న పనిముట్టుకే ఆ పేరు తగుతుంది. కొయ్యను తొలవలేక తన అంచునే పోగొట్టుకొనే ఉలి చెట్టును తినదు. కొన్నవాని కష్టార్జితాన్ని తింటుంది.

హైదరాబాదు శివారులో ఒక యువకునికి ఈ సత్యం అనుభవపూర్వకంగా తెలిసింది. అతడు ఐ.టి.ఐ.లో వడ్రంగం నేర్చి, తొలిసారి పనిలో చేరబోతున్నాడు. పనిముట్ల కోసం తల్లి చిట్టీ పాడి మూడు వేల రూపాయలు చేతికిచ్చింది. ఆ వారమే అతనికొక కరపత్రం దొరికింది. పన్నెండు పనిముట్ల పెట్టె, సగం ధరకు, పదిహేను వందలకే! తళతళలాడే ఉలులను, ఎర్రని పిడులను చూసి అతడు మురిసిపోయాడు. రశీదు అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

పనిలో మూడవ నాడు టేకు ద్వారబంధానికి బెజ్జం తొలుస్తుండగా ఉలి అంచు మడతపడింది. సానపట్టి మళ్లీ మొదలుపెడితే మళ్లీ మడతపడింది. మధ్యాహ్నం సుత్తి తల పిడి నుండి ఊడి, తోటి పనివాని భుజానికి జానెడు దూరంలో గోడకు తగిలింది. మేస్త్రీ నవ్వి, “ఆడలేక మద్దెల ఓడన్నట్లుంది నీ పని” అని సగం కూలి చేతిలో పెట్టాడు. ఆనాడు మద్దెల నిజంగానే ఓడు. కాని ఆ సంగతి యువకునికి తెలియదు. లోపం తన చేతిలోనే ఉన్నదని నమ్మాడు. చెడ్డ పనిముట్టు చేసే అసలు నష్టం ఇదే. డబ్బు పోతే మళ్లీ సంపాదించవచ్చు. నేర్చుకొనే వయస్సులో తన చేతిమీద తనకు నమ్మకం పోతే దానిని తిరిగి తెచ్చుకోవడం కష్టం.

ఆ రాత్రి అతని తాత పెట్టె తెరిపించాడు. ఆయన కూడా వడ్రంగే. తన సంచిలోని పాత ఉలిని తీసి కొత్తదాని పక్కన ఉంచాడు. ముప్పై ఏళ్ల సానతో అది సగానికి అరిగింది. అంచు మాత్రం వెంట్రుకను తెగ్గొట్టేలా ఉంది. తరువాత ఆకురాయి మూలతో రెండింటినీ మెల్లగా గీశాడు. పాతదానిమీద ఆకురాయి జారిపోయింది. కొత్తదాన్ని కొరికింది.

“ఇది మెత్తని ఇనుము బిడ్డా. నీ చేతి తప్పు కాదు” అన్నాడు.

ఇనుములో కలిసే కర్బనమే ఈ తేడాకు మూలం. కర్బనం 0.25 శాతానికి లోపలున్న ఉక్కును ఎంత కాల్చి నీటిలో ముంచినా తగినంత గట్టిపడదు. పనిముట్లకు వాడే ఉక్కులో అది సుమారు 0.6 నుండి 1.5 శాతం దాకా ఉంటుంది. దానిని ఎర్రగా కాల్చి చల్లార్చితే గట్టిపడుతుంది, కాని పెళుసుబారుతుంది. అందుచేత మళ్లీ అంచు ఎండుగడ్డి రంగుకు వచ్చేదాకా మెల్లగా వేడిచేస్తారు. అప్పుడది పదునును నిలుపుకొంటుంది, విరగదు. పైపూత మెరుపుకు ఈ గుణంతో సంబంధం లేదు.

మరునాడు తాతామనవలు సికింద్రాబాదులోని రాణీగంజ్ బజారుకు వెళ్లారు. తాత అన్నిటికంటె చవకైనదాన్నీ చూడలేదు, అన్నిటికంటె ఖరీదైనదాన్నీ అడగలేదు. రంపాన్ని విల్లులా వంచి విడిచాడు. వంకర మిగలక తిన్నగా నిలిచినదాన్నే ఎంచాడు. పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు సమంగా వాలి ఉన్నాయో లేదో కంటికి ఎదురుగా పట్టి చూశాడు. ఆ వాలు లేకపోతే రంపం కొయ్యలో బిగుసుకుంటుంది. మూలమట్టాన్ని తిన్నని పలక అంచుకు ఆనించి ఒక గీత గీశాడు. తిరగవేసి అదే చోట మరొకటి గీశాడు. రెండు గీతలూ ఒకటైతేనే ఆ మూలమట్టం నమ్మదగినది. ఉలులను దుకాణదారుని అనుమతితో, పిడి దగ్గర కాక అలుగు దగ్గర ఆకురాయితో పరీక్షించాడు.

కొన్నవి కొద్దే: రెండు ఉలులు, ఒక రంపం, ఒక మూలమట్టం, ఒక సానరాయి. మిగిలిన పదిహేను వందలు వాటికి సరిపోయాయి. సుత్తి కొననివ్వలేదు. పాతదాని తల మంచిదే, పిడిలోనే దోషం. కొయ్య ఈనె పిడి పొడవునా సాగక అడ్డంగా ఏటవాలుగా పోయింది. ఇంటికి వచ్చి వేరొక పిడి చెక్కి, చివర కొయ్య మేకు దిగగొట్టి బిగించాడు. ఈసారి రశీదును యువకుడే అడిగి తీసుకొన్నాడు. లోపమున్న వస్తువుపై 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయాలన్నా ఆధారం ఆ చిన్న కాగితమే.

కొనడంతో పని ముగియదని కూడా తాత చెప్పాడు. తిరిగే సానచక్రంమీద ఉలిని మాటిమాటికీ నీటిలో ముంచకుండా పట్టితే అంచు నీలిరంగుకు తిరుగుతుంది. అక్కడితో దాని గట్టిదనం పోతుంది. మంచి పనిముట్టును కూడా అజాగ్రత్త ఒక్క పూటలో చెడ్డదానిగా మార్చగలదు.

వెల దుకాణంలో తెలుస్తుంది. విలువ పనిలో తెలుస్తుంది. ఎక్కువ వెల మంచితనానికి హామీ కాదు, తక్కువ వెల పొదుపు కాదు. ఈ రెండింటి నడుమ దారి చూపేది పరీక్షించే కన్ను, తెలిసిన పెద్దల మాట. వాటికి రూపాయి ఖర్చు కాదు.

నెల తిరిగేసరికి మేస్త్రీ ఒకనాడు ఆ యువకుని ఉలిని అడిగి తీసుకొన్నాడు. అంచును బొటనవేలితో తాకి చూశాడు. ఏమీ అనలేదు. ఆ శనివారం కూలి పూర్తిగా ముట్టింది. తళతళలాడిన ఆ పాత ఉలులు ఇప్పటికీ అతని పెట్టెలో ఉన్నాయి. రంగుడబ్బాల మూతలు తెరవడానికి అవి చక్కగా పనికివస్తున్నాయి.